చెవిలో హోరు

దీపావళినాడు మీ పక్కనే లక్ష్మీబాంబు పేలిందనుకోండి. చెవి దిబ్బడేసి కాసేపు గుయ్‌మంటుంది. పక్కనున్న స్నేహితుణ్ణి అడిగితే తనకేమీ వినబడటం లేదంటాడు. మరి మీకు వినిపిస్తున్నదేమిటి?

దీన్ని వైద్యులు టినిటస్ అంటారు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో సుమారు 15,000 రోమకణాలుంటాయి. శబ్దానికి వాటి రోమాలు కదిలితే సంకేతాలు నాడి గుండా మెదడుకు చేరతాయి. పెద్ద మోతకు కొన్ని కణాలు దెబ్బతింటే సంకేతాలు తగ్గుతాయి. రేడియోలో స్టేషను సరిగ్గా అందకపోతే మనమేం చేస్తాం? వాల్యూం పెంచుతాం, పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది. మెదడూ అలాగే చేస్తుందనీ, నాడుల్లో ఎప్పుడూ ఉండే అలికిడే అప్పుడు హోరుగా వినిపిస్తుందనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఆ అలికిడి అందరిలోనూ ఉన్నదే. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు, వినికిడి బాగానే ఉన్న 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టి చూశారు. నూటికి 94 మందికి ఏదో ఒక చప్పుడు వినిపించింది!

హోరు కొందరిలో కొన్ని గంటల్లో పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చెక్ స్వరకర్త స్మెటానాకు వినికిడి పోయాక, 1876లో రాసిన తంత్రీవాద్య రచన చివరి భాగంలో, తన చెవిలో మోగిన కీచుస్వరాన్నే వయొలిన్ చేత పలికించాడు.

మీకే ఈ బాధ ఉంటే? ఊరు సద్దుమణిగి, పుస్తకం ముందు కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో అది ఎక్కువవుతుంది. అలాంటప్పుడు నిశ్శబ్దం కోసం వెతక్కండి. చెవిలో దూది పెట్టుకుంటే హోరు ఇంకా పైకి తేలుతుంది. ఫ్యాను తిరగనివ్వండి, రేడియో సన్నగా పెట్టుకోండి. హోరును పూర్తిగా ముంచెయ్యనక్కర్లేదు, దానికి తోడు మరో చప్పుడుంటే చాలు. రైలుపట్టాల పక్క ఇంట్లో చుట్టాలకు నిద్రపట్టదు, ఇంటివాళ్లు మాత్రం హాయిగా నిద్రపోతారు. ప్రమాదం లేదని తెలిసిన చప్పుడును మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. భయపడి చెవి ఒగ్గి వింటూ కూర్చుంటే ఆ అలవాటు పడదు. ఇందుకు కొన్ని నెలలు పట్టవచ్చు.

ఒక్కోసారి గులిమి అడ్డుపడినా హోరు వస్తుంది. పుల్ల పెట్టి కెలక్కుండా వైద్యుడికి చూపించండి. ఒక్క చెవిలోనే మోగినా, నాడితోపాటు కొట్టుకున్నా అంతే. వినికిడి ఒక్కసారిగా తగ్గితే మాత్రం మర్నాటిదాకా ఆగకూడదు.

పక్షుల్లో పోయిన రోమకణాలు మళ్లీ పుడతాయి. మనకా అదృష్టం లేదు. 85 డెసిబెళ్ల మోతను రోజుకు 8 గంటలకు మించి వినకూడదంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గడువు సగమవుతుంది. ఇయర్‌ఫోన్లలోనైనా, ఊరేగింపులో డీజే పెట్టెల పక్కనైనా మోత 100 డెసిబెళ్లకు చేరితే, మిగిలేది 15 నిమిషాలే.