వంతు తప్పిన చీకటి

సిద్దిపేట జిల్లా నారాయణరావుపేటలో ఏ రైతు నడిగినను కరెంటు కోత యననేమో చక్కగా చెప్పగలడు. తెలంగాణలో వ్యవసాయమునకు 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటల సరఫరా ఆరంభమగువరకు బోరుబావికి కరెంటు వంతులవారీగానే వచ్చెడిది. రాత్రి వంతైనచో టార్చిలైటు పట్టుకొని, పురుగూ పుట్రా లెక్కచేయక పొలమునకు పోవలసినదే. కష్టమే గాని, వంతు ఎప్పుడో తెలిసెడిది. తప్పిన రోజులు లేవనను!

ఆ ‘వంతు’ అన్న మాటయే 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున జనులను మోసగించినది. తెలుగు కుటుంబములెన్నో కాపురమున్న డల్లాసులో ఆ నెల 16న ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీలకు పడిపోయినది. సహజవాయువు బావులు, గొట్టములు గడ్డకట్టినవి. విద్యుత్కేంద్రములు ఒకటొకటిగా ఆగిపోయినవి. వాయువును తోయు యంత్రములకే కరెంటు తీసివేయుటచే కొన్ని కేంద్రములు మరింత అలమటించినవి.

విద్యుత్ ప్రవాహమునకు ఒక నాడి కలదు: మన దేశమున సెకనుకు 50 ఆవృత్తులు, అక్కడ 60. వాడకము ఉత్పత్తిని మించెనా, ఆ లెక్క పడిపోవును. 15వ తేదీ వేకువకు ముందు అది 59.4కు దిగువన నాలుగు నిమిషములకు పైగా నిలిచినది. మరి 4 నిమిషముల 37 సెకన్లు అట్లే నిలిచినచో రాష్ట్రమంతయు చీకటియయ్యెడిది. పొరుగు రాష్ట్రములతో గట్టి సంబంధము లేని ఒంటరి జాలమది. అరువు తెచ్చుకొను దారియు స్వల్పమే.

కనుక కోత విధించుట తప్పని పని. తప్పంతయు దానికి పెట్టిన పేరులో నున్నది. ‘వంతులవారీ కోత’ యని ప్రకటించిరి. ఆసుపత్రులున్న లైనులు తీయరాదు. తీయదగిన లైనులు దాదాపు అన్నియు తీసివేసిన తరువాత వంతు మార్చుటకు మిగిలినదేది? కాసేపటిలో వచ్చునని నమ్మినవారు ఎక్కడికిని తరలక ఇంటనే కూర్చుండిరి. దినముల తరబడి రాలేదు. ప్రకటనలు అంతర్జాలమున వెలువడినవి. వానిని చదువవలసిన ఫోనులో ఛార్జి లేదు. 17న ఆస్టిన్, హూస్టన్ నగరములు నీరు కాచి త్రాగుడని చాటినవి. కరెంటు పొయ్యి యున్న ఇంట ఎట్లు కాచవలెను? వెచ్చదనమునకై మూసిన షెడ్డులో కారు నడిపి, ఆ పొగలోని విషవాయువునకు బలియైనవారు కలరు. రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కలో మృతులు 246.

యంత్రములకు చలిరక్షణ కల్పింపుడని 2011 నాటి శీతము తరువాతనే ప్రభుత్వ నివేదిక హెచ్చరించియుండెను. 2021 జూనులో గాని ఆ రక్షణను తప్పనిసరి చేయు చట్టము టెక్సాసునకు రాలేదు. కరెంటు చాలని వేళ ప్రజలకు ముందుగా తెలుపు ఏర్పాటును కూడ ఆ చట్టమే విధించినది.