అమ్మ సరేనంటే...

2020 జూన్ మొదటి వారం. మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసి, "అత్తయ్యా, అమ్మని నువ్వే ఒప్పించాలి" అంది. పదహారేళ్ల పిల్ల, ఏ స్నేహితురాలి ఇంటికో అనుకున్నాను. కాదు. నల్లజాతి వాళ్లకి న్యాయం కావాలని వాళ్ల ఊళ్లో ఊరేగింపు ఉందట.

"ఎవరు చేస్తున్నారు?"

"మేమే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాం."

నా మటుకు ఇన్‌స్టాగ్రామ్ అంటే చీరలూ వంటలూ. అంతకు రెండు రోజుల ముందే, జూన్ 2న, అందరితోపాటు నేనూ సంఘీభావంగా ఒక నల్ల చదరం పెట్టి ఊరుకున్నాను. "ఆ చదరాల వల్లే ఎక్కడ కలవాలో చెప్పే పోస్టులన్నీ కిందికి పోయాయి, తెలుసా?" అని చివాట్లు పెట్టింది. నిజమే మరి, అందరం ఒకే హ్యాష్‌ట్యాగ్ తగిలించాం!

నాష్‌విల్ సంగతి కూడా తనే చెప్పింది. 14 నుంచి 16 ఏళ్ల ఆడపిల్లలు ఆరుగురు ట్విట్టర్‌లో కలిశారు. అమ్మ ఒప్పుకుంటే ఊరేగింపు నేనే నడుపుతానని అందులో ఒకమ్మాయి రాసింది. అమ్మ ఒప్పుకుంది. 'టీన్స్ ఫర్ ఈక్వాలిటీ' అని పేరు పెట్టుకుని, ఫోన్లలోనే పనులు పంచుకున్నారు. జూన్ 4న దాదాపు పదివేల మంది వాళ్ల వెనక నడిచారు.

అసలు జార్జ్ ఫ్లాయిడ్ ఎలా చనిపోయాడో లోకానికి చూపించిందీ పదిహేడేళ్ల అమ్మాయి ఫోనే. పోలీసుల మొదటి ప్రకటనలో అది ఏదో ఆరోగ్య సమస్య అన్నట్టే ఉంది. ఆ వీడియో లేకపోతే కథ అక్కడే ముగిసేది. 2021లో ఆ అమ్మాయికి పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు వచ్చింది.

మా వదిన భయం వేరు. పిల్ల నాలుగేళ్లప్పుడు వచ్చింది, ఇంకా హెచ్-4 మీదే ఉంది. "ఏదైనా కేసు పడితే వీసా గతేంటి? మనకెందుకీ గొడవ?" అంది. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యలేను. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న ఏ ఇంట్లోనైనా అదే మాట వస్తుంది.

పిల్ల మాత్రం ఒకటే అడిగింది. "2017లో కాన్సాస్‌లో శ్రీనివాస్ కూచిభొట్ల గారిని కాల్చినప్పుడు, అడ్డం వెళ్లి తూటా తిన్న తెల్లబ్బాయి మనకెందుకులే అనుకున్నాడా?"

వదిన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మనలాంటి వాళ్లు ఇంతమంది ఇక్కడికి రాగలగడానికి దారి వేసిన 1965 వలస చట్టం కూడా నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం వేడిలో వచ్చిందేనని నాకు తెలిసింది ఆ తర్వాతే.

చివరికి బేరాలు కుదిరాయి. ఊరి అనుమతి ఉండాలి, చీకటి పడకముందే ఇంటికి రావాలి, అమ్మ పక్కనే ఉంటుంది. కెమిస్ట్రీ చదివిన పాపానికి నేను చేసిన సాయం ఒకటుంది: కాంటాక్ట్ లెన్స్ వద్దు, కళ్లజోడే పెట్టుకో, టియర్ గ్యాస్ తగిలితే పాలూ గీలూ కాదు, మంచినీళ్లతోనే కడుక్కో అన్నాను. దాన్ని కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసింది. అదృష్టం, ఆ అవసరం రాలేదు. రెండొందల మంది మాస్కులు వేసుకుని, లైబ్రరీ నుంచి సిటీ హాలు దాకా నడిచి వచ్చేశారు.

పిల్ల నీళ్ల సీసాలు పంచడానికి వెళ్తూ అట్ట వదిన చేతిలో పెట్టింది. ఎవరో ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో వేశారు. కొందరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. పదేళ్లుగా మాతో బతుకమ్మ ఆడిన ఒకావిడ మాత్రం గ్రూపులోంచి వెళ్లిపోయింది. వదిన ఆ ఫొటో తీయించలేదు.