బోర్డు మాట వినాలంటే మూడు తీగలు

ఫోన్ నుంచే పొలంలో మోటారు వేసే స్టార్టర్లు కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల బోర్లకింద వరి, మక్క పండించే రైతులకు తెలిసినవే. అలాంటిదాన్ని కాలేజీ ప్రాజెక్టుగా సొంతంగా చేయాలనుకునే పిల్లలు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే ఈఎస్‌పీ-01 లాంటి బుల్లి బోర్డు దొరుకుతుంది. షాంఘై కంపెనీ ఎస్ప్రెసిఫ్ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ8266 చిప్పు దాని మీద ఉంటుంది. వైఫై ఉంది, ఎనిమిది పిన్నులున్నాయి. యూఎస్‌బీ సాకెట్టే లేదు. మరి ల్యాప్‌టాప్‌లో రాసిన ప్రోగ్రాం అందులోకి ఎక్కేదెలా?

దానికే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్. వేలెడంత ముక్క. ఎఫ్‌టీ232, సీపీ2102, సీహెచ్340 వంటి చిప్పుల్లో ఏదో ఒకటి దానిలో ఉండి, యూఎస్‌బీలో వచ్చిన సమాచారాన్ని ఒక్కో బిట్టుగా వరసలో పెట్టి బోర్డుకు పంపుతుంది.

అడాప్టర్‌లో పంపే పిన్ను టీఎక్స్. అది బోర్డులో వినే పిన్ను ఆర్‌ఎక్స్‌కు వెళ్లాలి. బోర్డు టీఎక్స్ ఇటు ఆర్‌ఎక్స్‌కు రావాలి. మూడో తీగ గ్రౌండ్ నుంచి గ్రౌండ్‌కు.

అసలు జాగ్రత్తంతా వోల్టేజీ దగ్గరే. ఈఎస్‌పీ8266కు 3.3 వోల్టులే కావాలి. అడాప్టర్ మీద 3.3, 5 అని మార్చుకునే జంపర్ ఉన్నా దాన్నే నమ్మకూడదు. కొన్నింటిలో అది కరెంటిచ్చే పిన్నునే మారుస్తుంది, టీఎక్స్ 5 వోల్టుల దగ్గరే ఉండిపోతుంది. బోర్డు కలపకముందే టీఎక్స్, గ్రౌండ్‌ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడాలి. ఏమీ పంపనప్పుడు 3.3 చూపిస్తే సరే. పాత కంప్యూటర్ల తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 కేబుల్‌ను మాత్రం నేరుగా అసలు తగిలించకూడదు. అందులో మైనస్ వోల్టేజీ కూడా వస్తుంది, చిప్పు పోతుంది.

కరెంటూ చాలాలి. ఎఫ్‌టీ232ఆర్ చిప్పులోని 3.3 వోల్టుల పిన్ను 50 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. వైఫై మొదలవగానే అది చాలక బోర్డు ఆగి ఆగి రీసెట్ అవుతుంటుంది. విడిగా 3.3 వోల్టుల సప్లై ఇచ్చి, గ్రౌండ్‌లన్నీ కలపడమే దారి.

ప్రోగ్రాం ఎక్కించడానికి బోర్డు మీది జీపీఐఓ-0 పిన్నును గ్రౌండ్‌కు కలిపి, అప్పుడు కరెంటివ్వాలి. ఆన్ కాగానే ల్యాప్‌టాప్ తెర మీద పిచ్చి అక్షరాలొస్తే బోర్డు పాడైందని పారేయొద్దు. ఈ చిప్పు తొలి పలుకులు సాధారణంగా 74,880 స్పీడులో వస్తాయి. ల్యాప్‌టాప్‌లో స్పీడు 1,15,200గా పెట్టి ఉంటే అవి చదవలేం.

ఇదంతా బల్ల మీద చేసుకునే పని. 415 వోల్టుల త్రీఫేజ్ స్టార్టర్ వైపు తీగలు కలిపేటప్పుడు ల్యాప్‌టాప్, అడాప్టర్ తీసేయండి, ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.