పరిహారం దయ కాదు, హక్కు

పని స్థలంలో ప్రమాదం అనగానే ఉత్తర తెలంగాణ ప్రజలకు బొగ్గు గనులే గుర్తుకు వస్తాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకురాగా 17 మంది కార్మికులు మరణించారు. ఆ గనులకు ఎంతో దూరంలో లేని సుల్తానాబాద్ రైసుమిల్లులలో కూడా అపాయం పొంచి ఉంటుంది. అడ్డు లేని బెల్టులో చెయ్యి పడవచ్చు. ఎత్తుగా పేర్చిన బస్తాలు మీద కూలవచ్చు. బాయిలరు ఆవిరి కాల్చవచ్చు. ఊక దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చు. గాయపడిన హమాలీ ఇంటికి యజమాని ఎంతో కొంత పంపితే, ఇచ్చినవారు దానిని ఖైరాత్ అనుకుంటారు, పుచ్చుకున్నవారు ఋణపడ్డామనుకుంటారు. ఈ రెండు భావాలూ సరైనవి కావు.

పనిలో, పని కారణంగా గాయపడిన కార్మికునికి పరిహారం చెల్లించే బాధ్యతను మన దేశంలో 1923 నాటి చట్టం యజమానిపై ఉంచింది. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ (2020) అదే సూత్రాన్ని కొనసాగించింది. ఇందులో యజమాని తప్పును నిరూపించవలసిన పని లేదు. కార్మికుని మామూలు ఏమరుపాటు వల్ల హక్కు పోదు. మరణం సంభవిస్తే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. 1923 చట్టం పట్టికలో 30 ఏళ్ళ వయసుకు గుణకం 207.98. నెలకు 12,000 రూపాయల వేతనమైతే పరిహారం 12,47,880 రూపాయలు అవుతుంది. హక్కు వదులుకున్నట్లు కార్మికునిచేత వ్రాయించుకున్న కాగితం చెల్లదు. ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉన్నవారికి మాత్రం ఆ పథకం ద్వారానే సహాయం అందుతుంది.

ఇక షరీఅత్ దృష్టితో చూద్దాం. దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 92వ ఆయతు, పొరపాటున ప్రాణం పోయినా మృతుని వారసులకు దియత్ అందాలని విధించింది. క్షమించి వదిలివేసే అధికారం వారసులదే. దియత్, నేటి పరిహారం ఒకటే కావు. మొదటిది ప్రాణం పోవడానికి కారకుడైన వాని బాధ్యత, రెండవది యజమానిగా ఉన్నందుకు కలిగే చట్టబాధ్యత. అయినా రెండింటిలో ఉన్న నీతి ఒక్కటే: ఉద్దేశం లేనంత మాత్రాన బాధ్యత తొలగిపోదు. కార్మికుని చెమట ఆరక ముందే కూలి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హదీసు ఉన్నది. చెమటకే అంత విలువ ఉన్నప్పుడు, పనిలో పోయిన చేతికి ఎంత విలువ ఉండాలో ఆలోచించవలసి ఉన్నది.

దీని నుండి మరొక విషయం తేలుతుంది. చెల్లించవలసిన బాకీని ఎవరూ జకాత్ లెక్కలో వేసుకోలేరు. పరిహారం బాకీయే గనుక, దానికి పైన చేసే సహాయమే సదఖా అవుతుంది.

హానిని తొలగించాలన్నది ఉస్మానీ సామ్రాజ్యంలో 1876 నాటికి పూర్తయిన మజల్లా స్మృతిలోని మూలసూత్రాలలో ఒకటి. బెల్టుకు అడ్డు, ముక్కుకు గుడ్డ, బస్తాల ఎత్తుకు హద్దు ఆ సూత్రానికి ఆచరణ రూపాలు. ప్రమాదం జరిగిన తర్వాత ఇచ్చే డబ్బు తెగిన చేతిని తిరిగి తేలేదు. కనుక యజమాని మొదటి బాధ్యత కాపాడటం, రెండవది పరిహారం చెల్లించడం. గాయపడినవారు దానిని యాచించనక్కరలేదు, తలెత్తి అడగవచ్చు.