పిల్లి తన కూనల్ని ఇల్లిల్లూ ఎందుకు తిప్పుతుంది?

మధురవాడలో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పాత స్కూటర్ వెనక అట్టపెట్టెలో ఒక వీధి పిల్లి ఈనిందనుకోండి. నిన్న నాలుగు కూనలున్నాయి. ఈ రోజు చూస్తే పెట్టె ఖాళీ! "పిల్లి ఏడిళ్లు తిప్పుతుంది లేరా" అంటుంది అమ్మమ్మ. అసలెందుకు తిప్పుతుంది?

పుట్టినప్పుడు కూన బరువు సుమారు 100 గ్రాములే. అంటే రెండు కోడిగుడ్లంత! కళ్లు, చెవులు మూసుకునే ఉంటాయి. కళ్లు తెరవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందాకా తల్లి వాసన, ఒంటి వెచ్చదనమే దానికి దారి చూపిస్తాయి.

కుక్కో గండుపిల్లో వస్తే అలాంటి కూన పారిపోలేదు. ఒకేచోట ఉంటే వాసన పేరుకుంటుంది. వంటింట్లో చేపల వేపుడు వీధి గుమ్మానికి తెలిసిపోయినట్టు, శత్రువుకు ఆచూకీ దొరుకుతుంది. మనం పదేపదే తొంగిచూసినా తల్లికి బెదురే. అందుకే చోటు మారుస్తుంది.

చోటు మార్చేటప్పుడు తల్లి మెడ కరిచి పట్టుకుంటే కూనకు నొప్పి పుట్టదా? పుట్టదు. అక్కడ చర్మం వదులుగా ఉంటుంది. తల్లి పట్టుకోగానే కూన కాళ్లు ముడిచి, కదలకుండా ఉండిపోతుంది. మీరు మాత్రం అలా ఎత్తకండి!

మరి మీరేం చేయొచ్చు? తల్లికి కాస్త ఎడంగా నీళ్లు, ముల్లు తీసిన, ఉప్పూకారం లేని ఉడికించిన చేపముక్క పెట్టండి. కూనలకు ఆవుపాలు పట్టకండి, విరేచనాలవుతాయి. తల్లి కనిపించకపోతే తిండికి వెళ్లిందేమో, దూరం నుంచి గమనించండి. గంటలు గడిచినా రాక, కూనలు చల్లబడి అరుస్తుంటే పెద్దవాళ్లకు చెప్పి పశువైద్యుణ్ణి అడగండి.