కన్సోల్‌లో చేసిన పని స్క్రిప్టుగా మారేదెలా?

2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్ తెరుచుకున్న తొలి 45 నిమిషాల్లో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. ఆర్డర్లను మార్కెట్‌కు పంపే ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్‌ను ఒక్కొక్కదానికి చేతితో ఎక్కిస్తూ సాంకేతిక సిబ్బంది ఒక సర్వర్‌ను వదిలేశారు. వాడకం మానేసి ఏళ్లు గడిచిన పాత కోడ్ ఆ ఎనిమిదో సర్వర్‌లో తిరిగి పని చేయనారంభించింది. ఖాతాదారులు ఇచ్చిన 212 ఆర్డర్లను నెరవేర్చబోయి 40 లక్షలకు పైగా ఆర్డర్లను మార్కెట్‌లోకి పంపింది. చేసిన పనిని రెండో ఉద్యోగి సరిచూడాలన్న లిఖిత విధానమే సంస్థలో లేదని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో పేర్కొంది.

ఏడింటిపై సవ్యంగా జరిగిన పని ఎనిమిదో దానిపై జరగకపోవడం సర్వర్ల నిర్వహణలో ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదం. ఈ నిర్వహణలో కొంత భాగం నేటికీ కన్సోళ్ల ద్వారా సాగుతోంది. కన్సోల్ అంటే సర్వర్ స్థితిగతులను తెరపై పట్టికలుగా, పెట్టెలుగా, బటన్లుగా చూపే సాఫ్ట్‌వేర్. ఆదేశాలు కంఠస్థం చేయనవసరం లేకుండా, కనిపించిన ఐచ్ఛికాలలో కావలసినదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. అయితే పని ముగిసి కిటికీ మూసిన తరువాత ఏ పెట్టెలో ఏమి నింపారో, ఏ గడిలో టిక్కు పెట్టారో సులభంగా చదవగలిగే రూపంలో మిగలదు. స్క్రిప్టు అలా కాదు. అది వరుసగా రాసిన ఆదేశాల పాఠం. దాన్ని మరొకరు చదివి తప్పు పట్టవచ్చు, భద్రపరచవచ్చు, ఎనిమిది సర్వర్లపైనా ఒకే తీరున నడపవచ్చు. కన్సోల్‌లో చేయి తిరిగిన వారందరికీ స్క్రిప్టు భాష రాకపోవడమే చిక్కు. ఈ అంతరాన్ని పూడ్చడానికి వచ్చిన ఉపాయమే, తెరపై చేసిన పనిని కన్సోలే స్క్రిప్టుగా రాసిపెట్టడం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఐబీఎం సంస్థ యూనిక్స్ వ్యవస్థ ఏఐఎక్స్‌లో ‘స్మిట్’ అనే నిర్వహణ ఉపకరణం 1990ల తొలినాళ్ల నుంచీ ఉంది. మెనూలో ఒక పనిని ఎంచుకుని వివరాలు నింపాక ఎఫ్6 మీట నొక్కితే, ఆ పనికి సమానమైన ఆదేశం తెరపై కనిపిస్తుంది. నడిపిన ఆదేశాలన్నీ వాడుకరి సొంత డైరెక్టరీలో ‘స్మిట్.స్క్రిప్ట్’ అనే ఫైలులో చేరుతూ ఉంటాయి. పనిని అసలు జరపకుండా ఆదేశాలను మాత్రమే రాసుకునే ఏర్పాటూ ఉంది. దీని గ్రాఫిక్ రూపంలో పని నడుస్తున్నంతసేపు ఒక చిన్న మనిషి బొమ్మ పరుగెత్తుతుంది, పని విఫలమైతే బోర్లా పడుతుంది. ఏఐఎక్స్‌తో పని చేసినవారికి స్క్రిప్టు ఫైలు కన్నా ఈ బొమ్మే ఎక్కువ గుర్తుండటం సహజం.

విండోస్ ప్రపంచంలో ఈ పద్ధతికి ఊపు తెచ్చింది 2006లో విడుదలైన పవర్‌షెల్. ఎక్స్ఛేంజ్ 2007 మెయిల్ సర్వర్‌కు మైక్రోసాఫ్ట్ తయారు చేసిన కన్సోల్ లోలోపల పవర్‌షెల్ ఆదేశాలనే నడిపేది, పని ముగిశాక ఆ ఆదేశాన్ని తెరపై చూపేది. తరువాత విండోస్ సర్వర్ 2012లోని యాక్టివ్ డైరెక్టరీ అడ్మినిస్ట్రేటివ్ సెంటర్‌లో పవర్‌షెల్ చరిత్రను చూపే భాగం చేరింది. పవర్‌షెల్ ఆదేశాల పేర్లలో క్రియ ముందు, నామం తరువాత వస్తాయి. ‘న్యూ-మెయిల్‌బాక్స్’ అంటే కొత్త మెయిల్‌బాక్స్ సృష్టించమని, ‘గెట్-సర్వీస్’ అంటే సర్వీసుల వివరాలు తెమ్మని. తెలుగు వాక్యంలో చివర కూర్చునే క్రియ ఇక్కడ ముందుకు వచ్చిందన్న మాటే గాని, ఆ భాష తెలియనివారు కూడా ఆదేశం చూసి జరిగిన పనిని చాలావరకు ఊహించగలరు. కన్సోల్ పక్కన ఈ వరుసలను చూస్తూ స్క్రిప్టు రాయడం నేర్చుకున్న నిర్వాహకులు ఎందరో.

అన్ని కన్సోళ్లూ ఒకే విధంగా పని చేయవు. స్మిట్, ఎక్స్ఛేంజ్ వంటివి స్వయంగా ఆదేశాలనే నడుపుతాయి కనుక అవి చూపే పాఠం నిజంగా జరిగిన పనికి ప్రతి. మరికొన్ని జరిగిన మార్పులను గమనించి, వాటికి సరిపడే స్క్రిప్టును విడిగా కూర్చుతాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2023లో పరిచయం చేసిన ‘కన్సోల్-టు-కోడ్’ ఇందుకు ఉదాహరణ. తెరపై చేసిన పనులను రికార్డు చేసి, కృత్రిమ మేధ సాయంతో మౌలిక వసతుల కోడ్‌గా మలచి ఇస్తుంది. కూర్చిన పాఠాన్ని ప్రతి కన్నా ఎక్కువ శ్రద్ధగా పరిశీలించవలసి ఉంటుంది. ఒరాకిల్ వెబ్‌లాజిక్ కన్సోల్‌లో రికార్డు బటన్ ఉన్నా, అది పట్టుకునేది అమరికల్లోని మార్పులనే. సర్వర్‌ను ఆపడం, తిరిగి నడపడం వంటివి ఆ స్క్రిప్టులో ఉండవు.

అసలు కష్టం మాత్రం స్క్రిప్టు చేతికి వచ్చాకే మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో డేటాబేస్ బ్యాకప్ తీసుకునే కిటికీని చూద్దాం. దాని పైభాగంలో ‘స్క్రిప్ట్’ అనే బటన్ ఉంటుంది. వివరాలు నింపి ఆ బటన్ నొక్కి, కిటికీని రద్దు చేసినా సరే, బ్యాకప్ ఆదేశం కొత్త పేజీలో సిద్ధంగా ఉంటుంది. చాలామంది దాన్నే ప్రతి రాత్రీ నడిచే పనిగా అమర్చుతారు. ఆ ఆదేశంలో రెండు విషయాలు కంటికి ఆనవు. ఒకటి, బ్యాకప్ ఫైలు పేరు, అది ఉండే చోటు స్థిరంగా రాసి ఉంటాయి. రెండోది, కన్సోల్ తనంతట తానుగా చేర్చే ‘నో-ఇనిట్’ అనే మాట. ఆ ఫైలులో పాత బ్యాకప్ ఉంటే చెరిపివేయకుండా దాని వెనుకే కొత్తదాన్ని చేర్చమని దాని అర్థం. ఒక్కసారి బ్యాకప్ తీసుకునేటప్పుడు ఇది క్షేమకరమైన ఎంపికే, పాతది పొరపాటున పోదు. ప్రతి రాత్రీ నడిస్తే మాత్రం ఒకే ఫైలు రోజుకొక డేటాబేస్ చొప్పున ఉబ్బుతూ పోతుంది. ఎప్పుడో ఒకనాడు డిస్కు నిండి బ్యాకప్ ఆగిపోతుంది. ఆ ఒక్క ఫైలు పాడైతే అందులోని రోజులన్నీ ప్రమాదంలో పడతాయి.

కన్సోల్ ఇక్కడ తప్పు చేయలేదు. ఆ పూట, ఆ డేటాబేస్‌కు ఏమి కోరారో అదే రాసింది. ‘ప్రతి రోజూ విడి ఫైలు కావాలి, వారం దాటినవి తొలగించాలి’ అన్న ఉద్దేశం ఏ గడిలోనూ నింపలేదు కనుక స్క్రిప్టులోకి రాలేదు. ఫైలు పేరులో తేదీ చేరేలా మార్చడం, డేటాబేస్ పేరును బయటి నుంచి ఇచ్చేలా విడదీయడం, విఫలమైతే కబురు అందే ఏర్పాటు చేయడం మనిషి చేయవలసిన పనులే. రికార్డయిన స్క్రిప్టును చిత్తుప్రతిగా భావించడమే సరైన వాడుక.

ఇలాంటి చిక్కులు మరికొన్ని ఉన్నాయి. యాక్టివ్ డైరెక్టరీ చరిత్రలో కొత్త పాస్‌వర్డు ఉండవలసిన చోట దాని రకం పేరు మాత్రమే కనిపిస్తుంది. భద్రత దృష్ట్యా అది ఉచితమే అయినా, ఆ వరుసను యథాతథంగా అతికిస్తే పని జరగదు. పాస్‌వర్డును స్క్రిప్టులోనే రాసి ఆ లోటు తీర్చుకోవడం అంతకన్నా చెడ్డ పద్ధతి. ఇక ఖాతాను సృష్టించే స్క్రిప్టును రెండోసారి నడిపితే, ఖాతా అప్పటికే ఉందంటూ మధ్యలో ఆగవచ్చు. ఉన్నదో లేదో ముందు చూసి, లేకపోతేనే సృష్టించే షరతును నిర్వాహకులు చేర్చుకోవాలి. పవర్‌షెల్‌లో చాలా ఆదేశాలకు ‘వాట్-ఇఫ్’ అనే ఐచ్ఛికం ఉంది. దాన్ని జోడిస్తే పని జరగకుండా, జరగబోయేదేమిటో మాత్రం తెలుస్తుంది.

స్క్రిప్టు చేతిపని తప్పులను తగ్గించినట్టే, తన తప్పును అనేక యంత్రాలకు ఒక్కసారిగా చేరవేయగలదు కూడా. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవ ఉత్తర వర్జీనియా ప్రాంతంలో నాలుగు గంటలకు పైగా దెబ్బతిన్నది. బిల్లింగ్ వ్యవస్థ నెమ్మదించడాన్ని పరిశీలిస్తున్న ఉద్యోగి, ముందే నిర్దేశించిన లిఖిత విధానం ప్రకారమే కొన్ని సర్వర్లను తొలగించే ఆదేశం ఇచ్చారు. అందులో ఇచ్చిన ఒక విలువ తప్పు కావడంతో ఉద్దేశించినదానికన్నా ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. తరువాత ఆ ఉపకరణంలో అమెజాన్ రెండు మార్పులు చేసింది. సర్వర్లను ఇకపై నెమ్మదిగా తొలగిస్తుంది. ఏ ఉపవ్యవస్థలోనైనా సామర్థ్యం కనీస స్థాయి కంటే కిందికి పోయేటట్లయితే తొలగింపును అడ్డుకుంటుంది.