స్ట్రోక్‌కు ముందే రక్తనాళం ఇచ్చే హెచ్చరిక: బస్తర్ పిల్లల కోసం కొన్ని విశేషాలు

పక్షవాతం (స్ట్రోక్) అనగానే మనకు పెద్ద వయసు, బీపీ, షుగరు గుర్తొస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో బడికెళ్లే పిల్లలకూ ఆ ముప్పు ఉంది. కారణం సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు. ఇందులో ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. చాలామంది పిల్లల్లో మెదడు ధమనులు స్ట్రోక్‌కు ముందుగానే సూచన ఇస్తాయి. దాన్ని పట్టుకునే పరీక్షలున్నాయి, ఆపే వైద్యమూ ఉంది.

◆ మలేరియా మిగిల్చిన జన్యువు
సికిల్ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే, ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ అల్లిసన్ చూపించారు. మలేరియా తరతరాలుగా వేధించిన అడవుల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. బస్తర్ కూడా అలాంటి ప్రాంతమే; అక్కడ ఇంటింటా రక్తపరీక్షలతో ‘మలేరియా ముక్త బస్తర్’ ఉద్యమం మొదలైంది 2020లోనే. ఇక సికిల్ జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే అది రక్షణ కాదు, జబ్బు. బస్తర్ గోండుల్లోనే కాదు, ఆదిలాబాద్ గోండుల్లో, భద్రాచలం కోయల్లో కూడా ఈ జన్యువు ఉంది.

◆ షికాగో నుంచి నీలగిరి దాకా
ఈ జబ్బును 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెర్రిక్ తొలిసారి వర్ణించారు. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసీల్లో దాన్ని గుర్తించారు.

◆ 120 రోజుల ఆయుష్షు పది, ఇరవైకి పడిపోతుంది
హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. మార్పు ఇంతే. దాంతో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. మామూలు ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతికితే, ఇది పది నుంచి ఇరవై రోజుల్లో చితికిపోతుంది.

◆ రక్తానికీ అయస్కాంతానికీ చుట్టరికం
ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం అయస్కాంతం దగ్గర వేర్వేరుగా ప్రవర్తిస్తాయని 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ కనుగొన్నారు. మెదడు పనిచేసే తీరును చూపే ఎంఆర్ఐకి తర్వాత అదే ఆధారమైంది. సికిల్ సెల్ జబ్బుకు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో తేల్చినవారిలో కూడా పౌలింగ్ ఉన్నారు.

◆ ధమని ఎక్కడ ఇరుకవుతుంది?
మెదడు అడుగున ధమనులు కలిసే వలయాన్ని 1664లో థామస్ విల్లిస్ తన గ్రంథంలో వివరించారు. సికిల్ పిల్లల్లో ఎక్కువగా దెబ్బతినేది ఆ వలయం దగ్గరే, మెడ నుంచి పైకి వెళ్లే కెరోటిడ్ ధమని చివర, దాని కొమ్మల మొదట్లో. లోపలి పొర దెబ్బతిని, మందమై, దారి సన్నబడుతుంది. ఇరుకు కాలువలో నీటిలా రక్తం అక్కడ వేగం పుంజుకుంటుంది.

◆ సెకనుకు 200 సెంటీమీటర్లు దాటితే
కణత మీద పెట్టిన అల్ట్రాసౌండ్‌తో మెదడు ధమనిలో రక్తవేగం కొలవవచ్చని 1982లో రూనే ఆస్లిడ్ బృందం చూపింది. ఆ వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న పిల్లలకు స్ట్రోక్ ముప్పు చాలా ఎక్కువ. 1998లో వెలువడిన ‘స్టాప్’ అధ్యయనంలో అలాంటి 130 మంది పిల్లలున్నారు. మామూలు చికిత్సలో ఉన్నవారిలో 11 మందికి స్ట్రోక్ వచ్చింది. క్రమం తప్పక రక్తం ఎక్కించినవారిలో వచ్చింది ఒక్కరికే.

◆ సూది మందు లేకుండానే ధమని బొమ్మ
వేగం ఎక్కువని తేలాక ధమని ఎంత సన్నబడిందో చూపేది ఎంఆర్ యాంజియోగ్రఫీ అనే ఒక రకం ఎంఆర్ఐ. రేడియో తరంగాలు మళ్లీ మళ్లీ తాకడంతో కదలని కండ, కణజాలం సంకేతం మందగిస్తుంది. అప్పుడే లోపలికి వచ్చిన రక్తం మాత్రం ప్రకాశవంతంగా కనిపిస్తుంది. ఎక్స్‌రే కిరణాలు లేవు, రంగు మందూ అక్కర్లేదు. ఇరుకు చోట రక్తం సుళ్లు తిరిగితే, నాళం ఉన్నదానికంటే సన్నగా కనిపించే అవకాశం ఉంది. అందుకే ఆ బొమ్మను అనుభవం ఉన్న రేడియాలజిస్టు చదవాలి.

◆ ఎవరికీ తెలియని గాయాలు
కొందరు పిల్లలకు కాలూ చెయ్యీ పడిపోదు, మాటా తడబడదు. అయినా ఎంఆర్ఐలో మెదడులో చిన్న చిన్న మచ్చలు కనిపిస్తాయి. ఇవి చదువును, ఏకాగ్రతను దెబ్బతీస్తాయి. ‘మొద్దు’ అని తిట్లు తింటున్న పిల్లవాడి తలలో ఇలాంటి గాయం ఉండవచ్చని ప్రతి టీచరుకూ తెలియాలి. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి 196 మంది పిల్లల్లో రక్తమార్పిడి పొందినవారిలో 6 శాతం మందికే మళ్లీ మెదడు దెబ్బతింది. పొందనివారిలో అది 14 శాతం.

◆ ఎప్పుడు చేయించాలి?
తీవ్రమైన సికిల్ జబ్బున్న పిల్లలకు 2 నుంచి 16 ఏళ్ల దాకా ఏటా అల్ట్రాసౌండ్ వేగ పరీక్ష, బడి వయసు మొదట్లో కనీసం ఒకసారి మెదడు ఎంఆర్ఐ చేయించాలని అమెరికన్ రక్తవైద్య సంఘం 2020లో సూచించింది.

◆ భీమవరం నుంచి ఒక మాత్ర
సికిల్ పిల్లలకు మామూలుగా రాసే మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. దాన్ని 1940లలో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

◆ నైజీరియా నేర్పిన పాఠం
నెలనెలా రక్తం దొరకని చోట ఏం చేయాలి? ఉత్తర నైజీరియాలో మెదడు ధమనిలో రక్తవేగం పెరిగిన పిల్లలకు రక్తం బదులు హైడ్రాక్సీయూరియా మాత్రలిచ్చారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల్లో తక్కువ మోతాదు, మధ్యస్థ మోతాదు రెండింట్లోనూ స్ట్రోకులు తక్కువగానే ఉన్నాయి. రక్తనిధులు దూరంగా ఉన్న అడవి ఊళ్లకు ఇది పనికొచ్చే పాఠం.

◆ కార్డు దగ్గర ఆగకూడదు
జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైంది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించడం దాని లక్ష్యం. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో ఉన్నాయి. జబ్బుందని చెప్పి కార్డు చేతికిస్తే పని సగమే అయినట్టు. జబ్బు తేలిన ప్రతి బిడ్డకూ ధమని పరీక్ష కూడా అందాలి. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ దాదాపు 300 కిలోమీటర్లు. ఆ ప్రయాణానికి కూలీ పోగొట్టుకునే తల్లిదండ్రులను బిడ్డతో పదేపదే తిప్పించకుండా, వేగ పరీక్ష యంత్రమే జిల్లా ఆసుపత్రులకు చేరాలి. తలకు ఆనించే ప్రోబు, బల్ల మీద పట్టేంత పెట్టె, శిక్షణ పొందిన ఒక మనిషి ఉంటే ఆ పరీక్ష జరుగుతుంది. ఎంఆర్ఐ అవసరమని తేలినవారినే పెద్ద నగరానికి పంపవచ్చు.

◆ ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు
సికిల్ జబ్బున్న బిడ్డకు మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, హఠాత్తుగా మూర్ఛ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరు నేడు ఛత్తీస్‌గఢ్‌లోనూ పనిచేస్తోంది. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే బిడ్డకు సికిల్ సెల్ ఉందని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు ముందుగా రక్తమార్పిడి గురించి ఆలోచిస్తారు, చికిత్స దారే మారుతుంది.